చెప్పుల వరుసలో ప్రభుత్వం

ప్రభుత్వం లేకపోతే మనుషులు ఒకరినొకరు పీక్కుతింటారని పాతికేళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను. కుప్పంలో నాలుగేళ్ళు చెప్పాను, మిగతాదంతా మదనపల్లెలో. ఆ పాఠంలో యూరప్ పెద్దమనుషులు ముగ్గురు వస్తారు. మనిషి పుట్టుకతోనే తోడేలు, నెత్తిన రాజు లేకపోతే బతుకు నరకమంటాడు మొదటాయన. మరీ అంత చెడ్డవాడేం కాదు గానీ తగువు తీర్చేవాడొకడు ఉండాలి, అందుకే అందరూ కూడి ఒప్పందం చేసుకున్నారంటాడు రెండో ఆయన. మనిషి బంగారం, చెడగొట్టింది లోకమంటాడు మూడో ఆయన. ఈ మూడో ఆయన దగ్గరికి వచ్చేసరికి బెల్లు కొడుతుంది. కొట్టకపోయినా నేను పుస్తకం మూసేవాణ్ణి. నాకు మొదటాయనంటేనే ప్రాణం. సాక్ష్యం కావాలంటే సాయంత్రం పూట బి.కొత్తకోట బస్సు ఎక్కి చూడండ్రా అనేవాణ్ణి. పిల్లలు నవ్వేవాళ్ళు. అంతటితో మానవ స్వభావం సంగతి తేలిపోయిందనుకునేవాణ్ణి.

రెండేళ్ళ కిందట, జూన్‌లో, మా అక్క ఫోన్ చేసింది. పుంగనూరు దాటి సోమల పక్కన మా పల్లె. బావ పోయాక అక్క ఒక్కతే ఎకరా మెట్ట చేను సేద్యం చేస్తోంది.

"వాన పడిందప్పా. నేల పదును నాలుగు దినాలుంటే ఎక్కువ. రేపు సోమలలో రాయితీ చెనిక్కాయలు ఇస్తారంట. బండెత్తుకోని రా, మూటలు నేను మొయ్యలేను" అంది.

చెనిక్కాయలంటే వేరుశెనగ విత్తనం. అది చేతికొస్తే చేను విత్తుతుంది, రాకపోతే ఆ ఏడు చేను బీడు. అంగట్లో కొనే తాహతు ఆమెకు లేదు. తమ్ముడి ముందు చెయ్యి చాపే గుణం అంతకన్నా లేదు.

పొద్దున ఎనిమిదికి గోదాము దగ్గరికి చేరేసరికి వాకిట్లో ఒక్క మనిషి లేడు. గేటు నుంచి రోడ్డు దాకా చెప్పులున్నాయి. హవాయి చెప్పులు, ప్లాస్టిక్ బూట్లు, వారు తెగితే పిన్నీసు పెట్టిన చెప్పులు. చెప్పుల్లేనివాళ్ళు పాసుపుస్తకం జిరాక్సు పెట్టి దాని మీద రాయి ఉంచారు. ఒకామె ఏకంగా సత్తు గిన్నె మూత పెట్టింది. మనుషులేమో ఎదురుగా గోడ నీడన కూర్చుని వక్కాకు నములుతున్నారు. మా అక్క చెప్పులు గేటు నుంచి నాలుగోవి. ముందురోజు మధ్యాహ్నమే పెట్టి, వట్టి కాళ్ళతో ఇంటికి నడిచిపోయి, పొద్దున్నే మళ్ళీ వచ్చిందట.

నాకు ఒళ్ళు మండింది. అధికారి లేడు, రిజిస్టరు లేదు, టోకెను లేదు. పాతికేళ్ళ నా పాఠం ఆ చెప్పుల కింద నలుగుతున్నట్టనిపించింది.

"ఈ రూలు ఎవరు పెట్టారు?" అని పక్కనున్న తలపాగా పెద్దాయన్ని అడిగాను.

"రూలేముంది సార్. చెప్పులు పెట్టినామంటే పెట్టినట్టే."

"మరి ఎవడైనా వచ్చి జరిపితే?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "యాల జరుపుతాడు సార్? వాని చెప్పులూ ఈడ్నే ఉండాయి గదా."

రెండో ఆయన ఈ ముక్క చెప్పడానికి లావుపాటి పుస్తకం రాశాడు. నేను దాన్ని పది మార్కుల ప్రశ్నగా నేర్పాను. ఇంతలో ఒక కుర్రాడు మోటారుసైకిల్ దిగి తన చెప్పుల్ని మధ్యలో ఇరికించాడు. ఎవరూ అరవలేదు. తలపాగా ఆయన లేచి, వాటిని రెండు వేళ్ళతో పట్టుకుపోయి చివర పెట్టి, వచ్చి కూర్చున్నాడు. కుర్రాడు తల గోక్కుంటూ పోయి టీ తాగాడు.

తొమ్మిదికి ఒక వార్త వచ్చింది. రెండు లారీల సరుకు రావాల్సింది ఒక్కటే వచ్చిందట. గోడ నీడన గుసగుస మొదలైంది. నాలో మొదటాయన నిద్ర లేచాడు. ఇక చూస్కో, తోడేళ్ళు బయటికొస్తాయి అనుకున్నాను.

"పోలీసును పిలుస్తానక్కా. గొడవ జరగబోతోంది" అన్నాను.

"గొడవ యాడుండాది? నేను నాలుగోదాన్ని, నాకొస్తాయి. నువ్వు ఊరికే ఉండప్పా."

ఊరికే ఉంటే నేను లెక్చరర్ని ఎందుకవుతాను? టీ బంకు దగ్గరున్న కానిస్టేబుల్‌కి వెళ్ళి శాంతిభద్రతల మీద చిన్న ఉపన్యాసమిచ్చాను. పాపం, ఆయన కొత్తగా వచ్చినవాడు, సగం టీ వదిలేసి వచ్చాడు. చెప్పుల్ని చూసి, "ఏందీ గలీజు? మనుషులు నిలబడండి" అంటూ లాఠీతో అన్నిటినీ గోడవారకు తోసేశాడు.

అప్పుడు చూడాలి. అంతసేపూ కాళ్ళు చాపుకుని కూర్చున్న జనం ఒక్క ఉదుటున గేటు మీద పడ్డారు. మోటారుసైకిల్ కుర్రాడు అందరికన్నా ముందు. తలపాగా ఆయన మోచేతులతో పొడుచుకుంటూ పోయాడు. మా మొదటాయన చెప్పినవన్నీ అక్షరాలా జరిగాయి. కాకపోతే ప్రభుత్వం వచ్చిన తరవాత జరిగాయి. మోకాళ్ళ నొప్పుల మా అక్క కొంగు సర్దుకుని లేచేసరికి వరుస రోడ్డెక్కింది. ఆమె దాని తోక దగ్గర నిలబడింది.

కానిస్టేబుల్ నాకు కుర్చీ వేయించాడు. "సార్ చెప్పబట్టి సరిపోయింది, లేకుంటే కొట్టుకునేవాళ్ళు" అని గుమాస్తాతో అన్నాడు. మనిషికి రెండు మూటలు, ఎకరాకు సరిగ్గా సరిపోతాయి. పన్నెండు గంటలకు షట్టరు దించేశారు. అక్క ముందు ఇంకా ఇరవైమంది ఉన్నారు. ఆమె నావైపు చూడలేదు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

చెప్పుల వరుసలో అక్క వెనక, ఐదో స్థానంలో ఉన్నది బక్కపలచని ఒక కూలి మనిషి. పరిగెత్తగలిగింది కాబట్టి ఆమెకు రెండు మూటలూ దొరికాయి. అందులో ఒకటి ఈడ్చుకొచ్చి అక్క ముందు పెట్టింది.

"నీ చెప్పులు నా ముందర ఉండె గదమ్మా. ఎత్తుకో."

ఆమె చేనూ ఎకరమే. అక్క వద్దంది. ఆమె వినకుండా వెళ్ళిపోయింది. బెల్లు కొట్టక ముందే పుస్తకం మూసి నేను దాటేసిన ఆ మూడో ఆయన్ని మొదటిసారి అప్పుడు చూశాను. రబ్బరు గాజులేసుకుని ఉన్నాడు.

మూట ముందు పెట్టుకుని, అక్కను వెనక ఎక్కించుకుని పల్లెకు తిరిగాను. సగం దారిలో నోరు ఊరుకోక, "అయితే గవర్నమెంటే వద్దంటావా?" అన్నాను.

"గవర్నమెంటు లేకుంటే ఈ కాయలు ఎవురిస్తారు? ఇచ్చే పని దాన్ది. నిలబడే పని మాది. అది గూడా నువ్వే నేర్పల్నా?" అంది.

ఆగస్టులో చూసిరావడానికి వెళ్ళాను. చేను సగం పచ్చగా పూత మీదుంది. మిగతా సగంలో గడ్డి లేచింది. అక్క కలుపు తీస్తోంది. గట్టున పోతున్న ఎవరో ఆగి, "ఏమ్మా, ఆ సగం యాల ఇడిసిపెట్టినావు?" అని అడిగారు.

అక్క తలెత్తకుండానే చెప్పింది. "ఆడ మా తమ్ముడు గవర్నమెంటు ఏసినాడప్పా."