పంతొమ్మిది దగ్గర లెట్

2006 సెప్టెంబరులో రాయపూర్‌లో జరిగిన రాష్ట్రస్థాయి బ్యాడ్మింటన్ పోటీలకు నన్ను అంపైరుగా వేశారు. వృత్తిరీత్యా నేను స్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయినిని. అంపైరు పరీక్ష పాసై అప్పటికి ఇరవై ఏళ్లు. పోటీలు ఉన్నప్పుడల్లా స్కూలు నుంచి డ్యూటీ సెలవు తీసుకుని కోర్టు పక్కనున్న ఎత్తు కుర్చీ ఎక్కేదాన్ని. నాన్నగారి రైల్వే ఉద్యోగం వల్ల శ్రీకాకుళం నుంచి ఇక్కడికి వచ్చిన కుటుంబం మాది. ఆటగాళ్లలో తెలుగువాళ్లు కనిపిస్తే లోపల సంతోషంగానే ఉండేది కానీ, కుర్చీలో ఉన్నప్పుడు వాళ్లతో హిందీలోనే మాట్లాడేదాన్ని. ఎదుటి పక్షానికి అనుమానం రాకూడదు కదా.

ఆ ఏడాదే ఆటలో లెక్క మారింది. అంతకుముందు సర్వీసు చేసే పక్షానికే పాయింటు వచ్చేది. డబుల్స్‌లో సర్వీసు చేతికొచ్చిన జట్టులో ఎప్పుడూ కుడివైపున్న మనిషే మొదలుపెట్టాలి. ఆ సర్వీసు పోతే జోడీకి రెండో అవకాశం ఉండేది. కొత్త పద్ధతిలో ఎవరు సర్వీసు చేసినా ప్రతి ర్యాలీకీ పాయింటే. గేము ఇరవై ఒకటికి. జట్టుకు ఒకటే సర్వీసు. తమ స్కోరు సరిసంఖ్య అయితే కుడివైపున్న మనిషి, బేసిసంఖ్య అయితే ఎడమవైపున్న మనిషి చెయ్యాలి. కొత్త నియమాల సర్క్యులరు మాకు పోటీలకు పది రోజుల ముందే అందింది. నేను మూడుసార్లు చదివాను. చదివానని గట్టిగా చెప్పగలను. అయినా జరిగింది ఇది.

మహిళల డబుల్స్ ఫైనల్ ఆదివారం ఉదయం. గెలిచిన జోడీ జాతీయ పోటీలకు వెళ్లే జట్టులో చేరుతుంది. ఆరేళ్ల కిందట మాది వేరే రాష్ట్రం కాకముందు ఈ ఎంపికల కోసం మన పిల్లలు ఇండోర్‌కో భోపాల్‌కో రైలెక్కాల్సి వచ్చేది; ఇప్పుడు ఇంటి దగ్గరే అవకాశం. ఒక జోడీలో, ఊళ్లోని గుఢియారీ పేట తెలుగమ్మాయి సుజాత ఉంది. వయసు ఇరవై నాలుగు. రైలు పట్టాల పక్క సందులో ఇల్లు, తండ్రి రైల్వేలో ఫిట్టరు. రైల్వే క్రీడాకారుల కోటాలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలంటే ఒక్కసారైనా జాతీయ పోటీల్లో ఆడి ఉండాలి. వయోపరిమితి దగ్గర పడింది కాబట్టి ఆమెకు అది చివరి ఏడాది. ఈ సంగతి హాల్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఆమె జోడీ ప్రీతి, ఊళ్లోనే టాటీబంధ్ పేట అమ్మాయి.

మూడో గేములో స్కోరు పంతొమ్మిది సమం. సర్వీసు అప్పుడే సుజాత జట్టుకు వచ్చింది. పంతొమ్మిది బేసి కనుక ఎడమవైపున్న ప్రీతి సర్వీసు చెయ్యాలి. ఎన్నో ఏళ్ల అలవాటు కొద్దీ కుడివైపున్న సుజాత షటిల్ అందుకుని కొట్టేసింది. ఎవరూ గమనించలేదు. నేనూ గమనించలేదు. పెద్ద ర్యాలీ నడిచి సుజాతే స్మాష్‌తో ముగించింది. నేను ఇరవై, పంతొమ్మిది అని చెప్పబోతుండగా ఎదుటి జోడీలో ఒకమ్మాయి చెయ్యెత్తి, సర్వీసు తప్పు మనిషి చేసిందని హిందీలో అంది.

స్కోరు షీటు చూశాను. నిజమే. వెంటనే "లెట్" అన్నాను. అంటే ఆ ర్యాలీ లెక్కలోకి రాదు, మళ్లీ ఆడాలి. స్కోరు మళ్లీ పంతొమ్మిది సమం.

సుజాత నెట్ దాకా వచ్చింది. కంగారులో హిందీ మరిచిపోయింది.

"గెలిసినాం కదా మేడమ్? పాయింటు ఎందుకు తీసేస్తన్నారు?"

"నియమం అది. ఆడండి," అన్నాను హిందీలోనే.

రెఫరీని పిలవమని అడిగే హక్కు ఆమెకుంది, అడగలేదు. ఈసారి ప్రీతి సర్వీసు చేసింది, షటిల్ నెట్‌కు తగిలింది. తర్వాతి ర్యాలీలో సుజాత కొట్టింది గీత దాటింది. పంతొమ్మిది, ఇరవై ఒకటి. చేతులు కలిపారు, షీటు మీద నేను సంతకం చేశాను.

మధ్యాహ్నం పురుషుల ఫైనల్ కూడా నాదే. భోజనానికి కూర్చుని, డబ్బా మూత మళ్లీ పెట్టేశాను. ఏదో ఒకటి లోపల గుచ్చుతోంది, ఏమిటో తెలియడం లేదు. లేచి హాలు చుట్టూ నడిచాను. నీళ్లు తాగాను. మళ్లీ కూర్చున్నాను. చివరికి సంచిలోంచి సర్క్యులరు తీసి, సర్వీసు తప్పు మనిషి చేస్తే ఏం చెయ్యాలో ఉన్న పేరా చూశాను. రెండే వాక్యాలు. తప్పు బయటపడితే దాన్ని సరిదిద్దాలి. ఉన్న స్కోరు అలాగే ఉంటుంది.

పాత నియమంలో తప్పు చేసిన పక్షం ర్యాలీ గెలిస్తే లెట్. కొత్తదాంట్లో ఆ లెట్ లేదు. అంటే ఆ పాయింటు సుజాత వాళ్లదే. ఇరవై, పంతొమ్మిది. మ్యాచ్ పాయింటు, ఇంకొక్కటి వస్తే గెలుపు.

కాగితం మడిచాను, విప్పాను. సాయంత్రం నాలుగింటికి జట్టు ప్రకటన. అప్పుడు ఒంటిగంటన్నర. ఎవరికీ తెలియదు, ఎదుటివాళ్లకూ తెలియదు అన్న ఆలోచన వచ్చిందని ఒప్పుకోవాలి. దాన్ని పట్టుకుని కాసేపు మెట్ల దగ్గర ఎక్కుతూ దిగుతూ ఉన్నాను. తర్వాత రెఫరీ గదికి వెళ్లాను.

రెఫరీ దేశ్‌ముఖ్‌గారు నాగపూర్ నుంచి వచ్చారు. పోటీల్లో అంపైర్లందరి మీదా ఆయనే పై అధికారి. అంతా విని, ఆ అమ్మాయి రెఫరీని పిలవమందా అని అడిగారు. లేదు, ఎందుకని అడిగింది, నియమమని చెప్పానన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. అభ్యంతరం తర్వాతి సర్వీసుకు ముందే రావాలి. మ్యాచ్ ముగిసి సంతకాలయ్యాక ఫలితం మార్చే అధికారం తనకు లేదన్నారు. జరిగింది జరిగినట్టు రాసివ్వమన్నారు. రాసిచ్చాను. పురుషుల ఫైనల్‌కు మరో అంపైరును వేశారు. నేనే అడిగాను.

అమ్మాయిలకు చెప్పాలా అంటే, అది మీ ఇష్టం, చెప్పమని ఏ నియమంలోనూ లేదన్నారు.

సుజాత అప్పటికే ఇంటికి వెళ్లిపోయింది. ఆటోలో గుఢియారీ వెళ్లాను. రైల్వే గేటు పడి ఆటో ఆగిపోయింది, గూడ్సు బండి ఎంతకీ కదలదు. దిగి, ఆటోను అక్కడే ఉండమని చెప్పి, బండి వెళ్లాక పట్టాలు దాటి నడిచే వెళ్లాను. వాళ్లమ్మ కుర్చీ తెచ్చి, "కూకోండమ్మా, టీ ఎడతాను," అంది. కూర్చోలేకపోయాను. నిలబడే చెప్పాను, ఈసారి తెలుగులో.

సుజాత తలుపు పట్టుకుని విన్నది. అరవలేదు.

"అడిగినాను కదా మేడమ్. మిమ్మల్ని అడిగినాను."

"అడిగావు. నేను తప్పు చెప్పాను."

"ఇప్పుడు సెప్తే నాకేటి లాభం? మళ్లీ ఆడిస్తారేటి?"

"ఆడించరు."

"మరెందుకొచ్చినారు?"

వాళ్లమ్మ టీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. సుజాతే అడిగింది, రాసిచ్చిన కాగితం ఉందా అని. ఉందన్నాను. "బస్, సాలు, దాని కాపీ ఇప్పించండి. సెలెక్షన్ వాళ్లకి నేనే సూపించుకుంటాను," అంది.

నా దగ్గర ఉన్న నకలు ఇచ్చాను. ఇద్దరం అదే ఆటోలో హాలుకు వెళ్లాం. ఎంపిక సంఘంలో ముగ్గురున్నారు. కాగితం చదివారు, ఒకరిద్దరు తలలూపారు. గెలిచిన జోడీ చేసిన తప్పేమీ లేదు, వాళ్లను తీసెయ్యలేమన్నారు. అదనపు స్థానం ఒకటుందని నేను గుర్తుచేస్తే, అది జూనియర్లకు కేటాయించామన్నారు. నాలుగింటికి పేర్లు చదివారు. సుజాత పేరు లేదు.

ఆ తర్వాత సీజనంతా నేను కుర్చీ ఎక్కలేదు. గీత దగ్గర కూర్చుని షటిల్ లోపలా బయటా అని చెప్పే లైన్ జడ్జి పని చేశాను. అది శిక్ష కాదని అన్నారు గానీ నేను శిక్షగానే తీసుకున్నాను. మరుసటి ఏడు అంపైరు పరీక్ష మళ్లీ రాశాను. సుజాత ఆ ఏడాదీ ఆడింది, సెమీస్‌లో ఓడిపోయింది. రైల్వే ఉద్యోగం రాలేదు. ఒక రైసు మిల్లు ఆఫీసులో చేరిందని తర్వాత తెలిసింది. ఇంకో రెండేళ్లకు ఒక స్థానిక టోర్నమెంటులో ఆమె మ్యాచ్‌కు నన్ను వేస్తే, అంపైరును మార్చమని రెఫరీని అడిగింది. మార్చారు. ఆమె అడిగింది సబబే.

రిటైరయ్యేదాకా కొత్త అంపైర్లకు తరగతులు తీసుకున్నాను. నియమాలు మారినప్పుడు కొత్తగా ఏం వచ్చిందో అందరూ చదువుతారు. ఏది పోయిందో వేరే కాగితం మీద రాసుకోమని చెప్పేదాన్ని. ఆటగాడు ఎందుకని అడిగితే నియమమని కొట్టిపారెయ్యొద్దని, నియమం ఏమిటో పూర్తిగా చెప్పమని, చెప్పలేకపోతే ఆట ఆపి రెఫరీని పిలవమని చెప్పేదాన్ని. దానికి పట్టేది రెండు నిమిషాలు.