మా బావ కొరికిన దోసకాయలు

మా బావ పోయాడని తెల్లారుతూనే మా చెల్లి ఫోను చేసింది. నేను ఏడవలేదు. "రేత్రి ఏటి పెట్టావే ఆడికి?" అని అడిగాను. నా నోటికి వచ్చిన మొదటి మాట అదే. బావంటే గిట్టక కాదు. ఆ ఇంటి తిండి మీద నాకు కొన్నేళ్లుగా అనుమానం.

"సారన్నం పెట్టాను అన్నియ్యా. రెండు ముద్దలు తిన్నాడు. ఉప్పు సాల్లేదే అన్నాడు. పడుకున్నాడు. మరి లెగలేదు" అంది.

ఉప్పు చాల్లేదన్నాడా! ఆ మాట పట్టుకునే సైకిలెక్కాను. ఎందుకో మీకు చెప్పాలి. నేను చదువుకున్నవాణ్ణి కాను. కూడబలుక్కుని రాస్తున్నాను. తప్పులుంటే ఉండనీ, అబద్ధాలు మాత్రం ఉండవు.

నరసన్నపేట నుంచి సముద్రం వైపు పోయే దారిలో వాళ్ల ఊరు. మా ఊరికీ దానికీ మధ్య వరిచేలే అడ్డం. బావ రైతే, కానీ ఊళ్లో అతని పేరు సేద్యం వల్ల రాలేదు. ఏ ఇంట పెళ్లయినా, ఎవరి కర్మ భోజనమైనా ఉప్పు చూసేది మా బావ. వంట మేస్త్రి ఆకు దొప్పలో కాస్త పులుసు పోసి ఇస్తాడు. బావ ఊదుకుని, కళ్లు మూసుకుని చప్పరిస్తాడు. "దించండి" అంటే గుండిగ దిగుతుంది. అనకపోతే పెళ్లికొడుకు ఆకు ముందు కూర్చున్నా సరే, దిగదు. ఆ పనికి వెళ్లేముందు ఇంట్లో గుప్పెడు మెతుకులు తినేవాడు. ఎందుకని అడిగితే, "ఆకలేసినోడు ఉప్పు సూడకూడదు బావా. ఆడికి అన్నీ బాగానే ఉంటాయి" అనేవాడు. మేమిద్దరం ఒకరినొకరం బావ అనే పిలుచుకునేవాళ్లం.

కరోనా ఏడు అతనికి జ్వరం వచ్చి తగ్గింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో వేషాలు మొదలయ్యాయి. ఒక నెల వరన్నం మానేసి చోడంబలి, అదే రాగుల అంబలి. ఇంకో నెల సామలు, కొర్రలు. పొద్దున్నే ఉలవచారు. కూర ఏదైనా దంచిన ఆవ దండిగా పెట్టడం. ఒకరోజు చెప్పకుండా వెళ్లాను. తలుపు సందులోంచి చూస్తే బావ కళ్లు మూసుకుని కూర్చున్నాడు. చెల్లి అతని నోట్లో అల్లం ముక్క పెట్టింది, తర్వాత చింతకాయ, తర్వాత ఇంకేదో. పెట్టిన ప్రతిసారీ "ఏటీ?" అంటోంది. అతను తల అడ్డంగా ఊపుతున్నాడు. నన్ను చూసి ఇద్దరూ దొంగల్లా సర్దుకున్నారు.

"ఏటే ఈ బాగోతం?" అన్నాను.

"ఒంటికి మంచిదట, ఫోన్లో సెప్పినారు" అంది చెల్లి.

నేను నమ్మలేదు. ఎందుకంటే మంచిదైతే మా చెల్లి ఎందుకు చిక్కిపోవాలి? బుగ్గలు పీక్కుపోయాయి, మెడ దగ్గర ఎముకలు తేలాయి. కంచం చూస్తే ఆవిడది వేరు. మజ్జిగలో ఉప్పు లేదు, పప్పులో లేదు, పచ్చడి ముట్టదు. పిసినారితనమో, పిచ్చో, ఈ మనిషి నా తోడబుట్టినదాన్ని ఎండగట్టి చంపుతున్నాడని తీర్మానించుకున్నాను.

ఆ పైన షికార్లు. ఆ వయసులో మోపెడ్డు మీద ఇద్దరూ! మాఘంలో బెల్లం వండే చోటికి. ఎండాకాలం పలాస వైపు జీడిపిక్కలు కాల్చే చోటికి. అక్కడి పొగకి కళ్లు మండిపోతాయి, సరదాకి ఎవడైనా పోతాడా? ఇంకోసారి సముద్రం ఒడ్డున చేపలు ఆరబెట్టే ఇసక మీదికి. తొలకరి పడితే దున్నిన చేలో గొడుగు లేకుండా నిలబడేవారు. ఊళ్లో ఆడవాళ్లు, "కొత్త పెళ్లికూతురా, ఈ పాలి ఎక్కడికే?" అని వేళాకోళం చేసేవారు. మా చెల్లి నవ్వి ఊరుకునేది. నాకు నవ్వు రాలేదు.

ఇంకో సంగతి కూడా కనిపెట్టాను. బావ ఉప్పు చూడటానికి వెళ్తే ఇదివరకు ఒక్కడే వెళ్లేవాడు. జ్వరం తర్వాత మా చెల్లీ పొయ్యి దగ్గరికి తయారు. ముందు తను గరిటెతో చెయ్యి మీద వేసుకుని నాకడం, కొంగు సర్దుకోవడం, తర్వాత ఈయన దొప్ప అందుకోవడం. మగవాళ్లు వండే చోట దీనికేం పని?

కార్తీకంలో వాళ్ల ఊరివాళ్లు జీడితోటలో వనభోజనాలు పెట్టారు. చెల్లిని మా ఇంటికి తీసుకుపోతానని ఆ రోజే పదిమందిలో చెప్పేద్దామని వెళ్లాను. దోసకాయ పప్పు వండుతున్నారు. దోసకాయని తరిగే ముందు కొరికి చూడాలి. ఒక్క చేదుకాయ పడితే గుండిగంతా పోతుంది. ఆ పని బావదే. చెల్లి నీళ్లకి బోరు దగ్గరికి వెళ్లింది. బావ ఒక్కొక్క కాయా కొరికి, నమిలి, "బాగున్నాది" అని బుట్టలో వేశాడు. నేను ఎదురుగానే కూర్చుని చూశాను.

ఆకులు వేశారు. మొదటి ముద్దకే బంతి మొత్తం ఉమ్మేసింది.

"ఏటిది, యాపాకు పప్పు వండినారేటి!" అని ఒకడు అరిచాడు. "ఉప్పు సూసే బాబు నిద్దరోనాడా?" అని ఇంకొకడు.

బావ ముఖం పాలిపోయింది. మా చెల్లి బిందె పక్కన పడేసి పరిగెత్తుకొచ్చింది. "ఆయన్ని అనకండర్రా! కాయలు నానే కొరికినాను. నాకు జలుబు, తెలీలేదు. తిడితే నన్ను తిట్టండి" అంది.

అబద్ధం. నా కళ్లెదుట అబద్ధం. బావని రెక్క పట్టుకుని తోట చివరికి లాక్కుపోయాను.

"నిజం సెప్పు. నా సెల్లిని ఏటి సేస్తన్నావు?"

అతను బంతి వైపు ఒకసారి తిరిగి చూసి, గొంతు తగ్గించాడు. "నాకు రుచి తెల్దు బావా. ఆ జొరంతో పోనాది. వాసనా లేదు. ఏది తిన్నా మట్టే."

"మరి దించండని ఎలా సెప్తన్నావు?"

"నీ సెల్లి ముందు సూస్తాది. బాగుంటే కొంగు బుజం మీద కప్పుకుంటాది. ఉప్పు సాల్లేదంటే నడుముకి దోపుకుంటాది."

అప్పుడు నాకు అన్నీ వరసగా అర్థమయ్యాయి. వాళ్లు పోయిన చోట్లన్నీ వాసనున్న చోట్లే. పెట్టిన తిండంతా నాలుక్కి తగిలే తిండే.

"ఊరికి సెప్పొచ్చు కదా" అన్నాను.

"ఆ దొప్ప నా సేతికివ్వకపోతే నాను పెళ్లికెందుకెళ్లాలి బావా?"

"అది ఉప్పెందుకు మానేసింది?"

"నాకు ఉప్పు తెలిసిందాకా తన కంచంలో ఉప్పెయ్యనని ఒట్టేసుకుంది. నానెంత సెప్పినా ఇన్లేదు."

ఆడవాళ్ల ఒట్టు వెనక మగవాడి మాట ఉంటుందని నా అనుమానం. అందుకే చెప్పేశాను. "బావా, అది ఉప్పు తినాలి. ఎలా తినిపిస్తావో నాకు తెల్దు. వచ్చే వారం వొస్తాను. అలాగే ఉంటే బండెక్కించి తీసుకుపోతాను."

వారం తిరక్కుండా చెల్లి ఫోను. ఏడుస్తోంది, నవ్వుతోంది. "అన్నియ్యా, సారు నోట్లో పెట్టుకోగానే ఉప్పెక్కువైందే అన్నాడు! ఆయనకి తెలిసింది!" ఆ పూటే తను ఊరగాయ వేసుకుని తిందట. రెండు నెలల్లో మళ్లీ మనిషయింది.

నిజంగా రుచి వచ్చిందా, నా బెదిరింపుకి అన్నాడా? మూడేళ్లు అడుగుతూనే ఉన్నాను. "నీకెందుకు బావా, అది తింటంది గదా" అని నవ్వేవాడు. పెళ్లిళ్లలో మాత్రం మా చెల్లి పొయ్యి దగ్గరికి వెళ్లడం మానలేదు. అడిగితే, "అలవాటయిపోనాది" అనేది.

అందుకే ఆ పొద్దు అంత వేగంగా తొక్కాను. బావని అరుగు మీద పడుకోబెట్టారు. ముఖం ప్రశాంతంగా ఉంది, ఎప్పటిలాగే ఏమీ చెప్పని ముఖం. మనిషి పోయిన ఇంట్లో వండింది ఉంచరు కదా, వరసకి కోడలయ్యే అమ్మాయి గిన్నెలు బయటికి తెస్తోంది. చారు గిన్నె మూత తీసి వేలు ముంచి నోట్లో పెట్టుకున్నాను.

"అయ్యో, ఈ ముసలాయనకి ఆకలేటి!" అని ఎవరో ఆడమనిషి గొణిగింది. పర్వాలేదు.

ఉప్పు సరిపోయింది. సరిగ్గా సరిపోయింది. అంటే బావకి చివరిదాకా ఉప్పు తెలీనే లేదా?

కాకపోతే నేను పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా తాగలేదు. ఆకలేసినవాడు ఉప్పు చూడకూడదన్నది అతనే. ఇక అడగడానికి మనిషి లేడు.

తలెత్తితే గుమ్మంలో మా చెల్లి. నా వేలు చూసింది, గిన్నె చూసింది. కొంగు నడుముకి దోపుకుని ఉంది.

"ఏటన్నియ్యా, ఉప్పు?" అంది.

"సాల్లేదే" అన్నాను.

ఇది చదివిన మీరెవరూ మా చెల్లికి చెప్పకండి. ఆవిడకి చదువు రాదు.

నా ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత నడుము దగ్గర కొంగు తీసి, మెల్లగా, భుజం మీద కప్పుకుంది.