టీచర్ గారు ఖాళీగా వదిలిన స్టేజీ

కొత్త తుంగ చాప విప్పితే బురదా ఎండా కలిసిన వాసన వస్తుంది. నిన్న అవనిగడ్డ నుంచి వచ్చిన చాపలు విప్పుతుంటే ఆ వాసనకి నా చేతులు ఆగిపోయాయి. సరోజిని టీచర్ గారు గుర్తొచ్చారు. మచిలీపట్నంలో డ్రాయింగ్ టీచరుగా రిటైరై, గుడివాడ వచ్చి పెళ్ళి స్టేజీలు అలంకరించే పని మొదలుపెట్టారావిడ. నాకు ఈ పని నేర్పింది ఆవిడే. మా వైపు స్టేజీ అంటే గోడ కనపడకూడదు, పూలే కనపడాలి. టీచర్ గారు అలాంటివి చేసి పేరు తెచ్చుకున్నారు, చేసినంత కాలం లోపల విసుక్కున్నారు. "ఒక్కటంటే ఒక్క స్టేజీ నా మనసుకి నచ్చినట్టు చేసి చూసుకోవాలే రమా" అనేవారు.

ఆ అవకాశం ఒక పెళ్ళికూతురి వల్ల వచ్చింది. ఉద్యోగం మీద వెళ్ళి కొన్నాళ్ళు జపాన్‌లో ఉండి వచ్చిన పిల్ల. "అక్కడ గదంతటికీ ఒక్క కొమ్మ పెడతారండీ. చూస్తే మనసు నెమ్మదిస్తుంది. నా రిసెప్షన్‌లో ఆ ఛాయ కొంచెం తగిలితే చాలు, జపాన్ అని ఎవరికీ తెలియక్కర్లేదు" అంది. ఆ క్షణంలో టీచర్ గారి మొహం చూడాలి! కార్తీకమాసం కావడంతో దివిసీమలో ఏటి గట్టంతా రెల్లు పూసి ఉంది. ఆవిడ కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, బురదలోకి దిగి, ఒక్కో పోచా ఏరి కోశారు. నేను మోపెడు కోసుకొస్తే నవ్వేశారు.

"గేదెలకా ఇది? నాలుగు చాలు. మిగతా చోటంతా గాలికి వదిలెయ్యి."

రిసెప్షన్ రోజు మధ్యాహ్నానికి స్టేజీ సిద్ధమైంది. కింద తుంగ చాపలు, వెనక పెడన నుంచి తెచ్చిన లేత రంగు కలంకారీ గుడ్డ, పక్కన వెడల్పాటి ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు, నాలుగు రెల్లు పోచలు, ఒక తామర మొగ్గ. అంతే. టీచర్ గారు హాలు మధ్యలో కుర్చీ వేసుకుని చూస్తూ ఉండిపోయారు. ఆవిడ అంత హాయిగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. అంతలో పెళ్ళికూతురి తండ్రి వచ్చారు. గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. స్టేజీ కేసి చూసి, గడియారం చూసుకుని, ఎంతో మర్యాదగా అడిగారు.

"పూలు ఇంకా రాలేదా అండీ?"

"ఇంతేనండీ. అమ్మాయి ఇలాగే కావాలంది."

ఆయన హాలు గుమ్మం వైపు చూశారు. "మొవ్వ నుంచి వియ్యాలవారు బస్సు వేసుకుని వస్తున్నారండీ. కూతురు అంత సంపాదిస్తుంటే దాని పెళ్ళికి పూలు కూడా పెట్టించలేదంటారు. నేను తలెత్తుకోలేనండీ" అన్నారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అమ్మాయిని అన్నీ అడిగాం గానీ, ఆయన్ని ఒక్క మాట అడగాలని మాలో ఎవరికీ తోచలేదు.

టీచర్ గారు వాదించలేదు. ఫోన్ చేసి బంతిపూలు, చామంతులు తెప్పించారు. రెల్లు మాత్రం మమ్మల్ని ముట్టుకోనివ్వకుండా తనే తీశారు. సాయంత్రానికి గోడ మాయమైంది. వచ్చినవాళ్ళంతా "టీచర్ గారి స్టేజీ అంటే ఇదండీ!" అంటుంటే దణ్ణాలు పెడుతూ నిలబడ్డారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మీరు గట్టిగా ఒక్క మాట చెప్పాల్సిందండీ" అన్నాను ఇంటికి వెళ్తూ.

"ఆయన మొహం చూశాక కూడా నా ముచ్చట తీర్చుకోమంటావా? ఇంకోసారి చేద్దాంలే."

ఆ ఇంకోసారి రాలేదు. మరుసటి వానాకాలంలో ఆవిడకి పక్షవాతం వచ్చింది. ఆ ఏడాది దాటలేదు. ఆ స్టేజీకి ఫోటో కూడా లేదు. ఇప్పుడేమో అమ్మాయిలు ఫోన్లలో బొమ్మలు చూపించి మరీ అలాంటివే అడుగుతున్నారు. ఇంకొన్నాళ్ళు ఉంటే ఆవిడ కోరిక తీరేది కదా.

అలాంటి పని ఒప్పుకునే ముందు నేను పెళ్ళికూతురి తండ్రిని హాలుకి పిలిపిస్తాను. అంత చోటు ఎందుకు వదులుతున్నానో ఓపిగ్గా చెప్తాను. ఆయన సరేనంటేనే పని మొదలు. పోయిన మాఘంలో బందరులో చేపల వ్యాపారం చేసే ఒకాయన, కూతురి రిసెప్షన్‌కి పూర్తయిన స్టేజీ ముందు చాలాసేపు నిలబడిపోయారు.

"ఊపిరాడినట్టుందమ్మా. ఎవరు నేర్పారు నీకు?"

పేరు చెప్పాను.

"అయ్యో, ముందే చెప్పకపోయావా తల్లీ! ఆవిణ్ణి కూడా పిలుచుకునేవాళ్ళం కదా" అన్నారాయన.