జారింది గుడ్డ, మా వదిన కాదు

మా వదిన పోయిన శుక్రవారం కన్నుమూసింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందని అన్నయ్య ఫోన్‌లో చెప్పాడు. వాళ్ళుండే ట్రాయ్ ఊళ్ళో అంత్యక్రియలకు వచ్చినవాళ్ళంతా ఆమె పులిహోర గురించి, ఓర్పు గురించి మాట్లాడుకున్నారు. ఆ పులిహోరలో ఏనాడూ ఉప్పు సరిపోలేదు. ఓర్పు అంతకన్నా తక్కువ. గుర్రం ఊసు మాత్రం ఒక్కరూ ఎత్తలేదు, అదేదో ఇంటి పరువు తీసే జబ్బయినట్టు. వాళ్ళెత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నాను. మా వదిన గుర్రపు స్వారీ చేసేది.

డెబ్బైల చివర్లో నేను చదువు కోసం ఇండియా నుంచి ఈ దేశం వచ్చి అన్నయ్య ఇంట్లోనే ఉండేదాన్ని. ఆయన కార్ల కంపెనీలో ఇంజినీరు. వదినకు అప్పటికే నలభై దగ్గర పడుతున్నాయి. ఊరికి ఉత్తరాన మొక్కజొన్న పొలాల మధ్య ఒక గుర్రపుశాల ఉండేది. ఒకరోజు నన్ను కాలేజీ నుంచి తీసుకొస్తూ అక్కడ కారు ఆపింది. లోపలికెళ్ళి, పాఠాలకు పేరిచ్చి వచ్చింది. ఎందుకు వదినా అని అడిగితే, "ఎక్కాలనిపించింది. దానిక్కూడా కారణం చెప్పాలా ఏంది?" అంది.

అన్నయ్య పాత పాంటు, దానికి బిగించి బెల్టు, నుదుటన బొట్టు. ఇదీ ఆమె వేషం. ఒక ఆదివారం, మనవాళ్ళు తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో ఒక పెద్దాయన ఆపుకోలేక, "మన ఆడవాళ్ళకి ఈ హార్స్ రైడింగ్‌లు అవసరమా అమ్మా?" అన్నాడు. వదిన ఆయన ప్లేట్‌లో ఇంకో గారె వేసి, "గుర్రమే ఏమీ అనట్లా. మీకేంది అన్నయ్యగారూ?" అంది. ఆయన గారె తిన్నాడు.

మరుసటి వేసవిలో శాలవాళ్ళు నేర్చుకునేవాళ్ళకి చిన్న పోటీ పెట్టారు. వదినకిచ్చింది ఒక ముసలి ఆడగుర్రం. పండగ పూట ఒంటికి నూనె పెట్టకుండా ఎవరినైనా బయటికి పంపుతామా? ముందు రోజు పొద్దున్నే కొబ్బరి నూనె సీసా పట్టుకెళ్ళి దాని మెడకీ వీపుకీ జూలుకీ శ్రద్ధగా మర్దనా చేసింది. గుర్రం నిగనిగలాడిపోయింది. ఆ మెరుపు పోతుందని కడగలేదు. అదీ ఆమె చేసిన పొరపాటు.

ఆ మధ్యాహ్నం ప్రాక్టీస్‌లో జీను కింద వేసే మందపాటి గుడ్డ వెనక్కి జారింది. అక్కడివాళ్ళు దాన్ని ప్యాడ్ అంటారు. గుడ్డ వెంట జీను, జీను వెంట వదిన. అందరూ చూస్తుండగా ఇసుకలో పడింది. నేర్పే ఆవిడ వచ్చి, నీకు బ్యాలెన్స్ లేదు, రేపు ఎక్కొద్దు అని చెప్పేసింది. చూడ్డానికి వచ్చిన అన్నయ్యకు అదే చాలు.

"ఇంక చాల్లే. నడుం విరిగితే ఎవరు చూస్తారు? రేపేంటి, అసలింక రావద్దు."

రేపు ఎక్కకపోతే మరెప్పుడూ ఎక్కనివ్వరని వదినకు తెలుసు. ఒంటి మీది ఇసుక కూడా దులుపుకోకుండా ఆ గుడ్డ తీసి, తిరగేసి, వేళ్ళతో తడిమి, వాసన చూసింది. తర్వాత నాతో, "జారింది నేను కాదే, గుడ్డ. తప్పు నాదే, కానీ నా నడుముది కాదు" అంది.

ఇంటికొచ్చి, ఇండియా నుంచి తెచ్చుకున్న కుంకుడుకాయలు అన్నయ్య సుత్తితోనే చితక్కొట్టి, గింజలు ఏరి, పెద్ద గిన్నెలో మరిగించాం. చల్లారాక ఆ పులుసు బకెట్‌లో పోసుకుని, ఇంకా వెలుతురుండగానే మళ్ళీ శాలకు డ్రైవ్ చేశాం.

"వాళ్ళ షాంపూ వాడితే పోదా వదినా?"

"మన నూనె వాళ్ళ షాంపూకి లొంగదే. పట్టుకో దాన్ని."

కంట్లో పడకుండా వీపంతా రెండుసార్లు రుద్ది కడిగింది. గుర్రం కళ్ళు అరమోడ్చి నిలబడింది. గుడ్డని ఇంటికి తెచ్చి వాషింగ్ మెషీన్‌లో వేసింది. వారం పాటు అన్నయ్య చొక్కాల నిండా గుర్రం వాసన.

పొద్దున నేర్పే ఆవిడ కాదని తల అడ్డంగా ఊపుతుంటే, వదిన ఆవిడ చెయ్యి పట్టుకుని గుర్రం వీపు మీద పెట్టింది. ఆవిడ రాసి చూసింది. జిడ్డు తగల్లేదు. పక్కకి తప్పుకుంది. వదిన గుడ్డని మెడ దాకా ముందుకు వేసి, వెంట్రుకలు వాలిన వైపే వెనక్కి జరిపింది. జీను పెట్టాక గుడ్డ ముందు భాగాన్ని జీను కింది ఖాళీలోకి ఎత్తింది, భుజం మీద బిగుసుకోకుండా. గుడ్డకున్న ఉచ్చుల్లోంచి పట్టీలు పోనిచ్చి, పొట్ట కింది పటకా బిగించి, నాలుగడుగులు నడిపించి, మళ్ళీ బిగించింది. రెండోసారి ఎందుకన్నాను.

"మనం బిగించేటప్పుడు పొట్ట ఉబ్బిస్తదే. పెళ్ళి భోజనానికి ముందు నేనూ బొందు వదులుగానే కట్టుకుంటా. దాని తెలివి దానిది."

నేర్పే ఆవిడ జీను పట్టుకుని గట్టిగా గుంజింది. కదల్లేదు. "ఎక్కు" అంది.

ఆ రోజు వదిన అందరికన్నా ఆఖరున వచ్చింది. అయితే ఏమిటి? ఎనభైల పొడుగునా గుర్రం ఎక్కింది. మోకాళ్ళు మొరాయించాక మానేసింది గానీ, ఎవరో వద్దన్నారని కాదు. ఆమెను తలుచుకుంటే నాకు ఏడుపుకన్నా గర్వమే ముందు వస్తోంది. ఈ దేశంలో నీవల్ల కాదని నాకు ఎవరు చెప్పినా, జారిందేమిటో ముందు నేనే తడిమి చూసుకోవడం ఆమె దగ్గర నేర్చుకున్నాను.

ఆ రోజు పోటీ అయిపోయాక మిగతావాళ్ళంతా దిగి గుర్రాలను లోపలికి తీసుకెళ్ళారు. అన్నయ్య కంచె దగ్గర నిలబడి, దిగి రమ్మని చెయ్యి ఊపాడు. వదిన చూసింది. చూసి కూడా కళ్ళెం పక్కకి లాగి గుర్రాన్ని మలుపు తిప్పింది. ఆ ఖాళీ మైదానంలో ఒక్కతే, వెన్ను నిటారుగా పెట్టుకుని, మా ముందు నుంచే ఇంకో చుట్టు తిరిగింది.