మోటారు లేపిన చెయ్యి

ఊరంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలని ఊగిపోతున్న రోజుల్లో మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడి కాలు కొంచెం, కుడి చెయ్యి పూర్తిగా పడిపోయాయి. కంపెనీలో పొద్దస్తమానం కీబోర్డు మీద ఆడిన చెయ్యి, అన్నం కలుపుకోవడానికి కూడా పనికిరాకుండా ఒళ్ళో పడి ఉండేది. నేను తినిపించబోతే మొహం పక్కకు తిప్పుకొనేవారు. నాకేమో ఓర్పు తక్కువ. బళ్ళో నేను పాఠాలు చెప్పే పిల్లల మీద అరిచినట్టే ఆయన మీదా అరిచి, తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఏడ్చేదాన్ని.

చిలకలగూడ నుంచి ఆటోలో పద్మారావు నగర్‌లోని ఫిజియోథెరపీ సెంటరుకు వెళ్ళేవాళ్ళం. అక్కడికి కొత్తగా ఒక రోబో మిషన్ వచ్చింది. భుజం నుంచి వేళ్ళదాకా తొడుగులా పట్టీలతో బిగిస్తారు. చెయ్యి ఎత్తాలని మనిషి ప్రయత్నిస్తే కండరంలో పుట్టే కాస్త కదలికను అది పసిగడుతుంది, మిగతా పని మోటారు చేస్తుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆయన చేతికి దాన్ని మొదటిసారి బిగించిన ఆ రోజు నేను చూసిందల్లా ఒక్కటే. నెలల తరబడి చచ్చుబడి ఉన్న చెయ్యి మెల్లగా గాల్లోకి లేచింది.

"ప్రభువా, స్తోత్రం!" అని అరిచేశాను.

"మేడమ్, జెర ఆగుండ్రి. నేను చెప్పేది సుత ఇనుండ్రి" అంది ఫిజియోథెరపీ అమ్మాయి. నేను వింటేగా!

ఆటోలో ఆయన నెమ్మదిగా అన్నారు. "లేపింది మిషనే. పట్టీలు విప్పాక మళ్ళీ మామూలే కదా."

"అన్నిటికీ అనుమానమే మీకు! దేవుడు చేసిన మేలును మోటారు ఖాతాలో వేస్తారా?" అని కసిరాను.

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేళ్ళను అందరి ముందూ సాక్ష్యంగా చెప్పుకునే సమయం రాగానే అందరికంటే ముందు లేచింది నేనే. అసలే నోరు పెద్దది. "మా ఆయన చెయ్యి లేచింది, నా రెండు కళ్ళతో చూశాను" అని ఏడుస్తూ చెప్పి కూర్చున్నాను. సంఘమంతా చప్పట్లు. పాస్టరు గారికి సంతోషం పట్టలేదు. "బ్రదర్, ముందుకు రండి. ఆ చెయ్యి ఒక్కసారి పైకెత్తి దేవుణ్ణి మహిమపరచండి" అన్నారు.

ఆటోలో ఆయనన్న మాట అప్పుడు గానీ నా చెవికెక్కలేదు.

ఆయన కాలీడ్చుకుంటూ వెళ్ళి నిలబడ్డారు. చెయ్యి ఎత్తబోయారు. భుజం అదిరిందంతే. ముందు వరుసలో ఎవరో "అయ్యో, యేసయ్యా" అని గొణిగారు. సిగ్గుతో చచ్చిపోయాను. లేచి "తప్పు నాది, అది మిషన్ పని" అని ఒక్క ముక్క చెప్తే సరిపోయేది. అంత పెద్ద నోరూ పెగల్లేదు.

ఆయన నా వైపు చూశారు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, పళ్ళు బిగపట్టి, తల పైదాకా ఎత్తారు. "మా ఆవిడ అబద్ధం చెప్పదండీ. కొంచెం తొందరపడింది, అంతే" అన్నారు. జనం నవ్వారు, మళ్ళీ చప్పట్లు కొట్టారు.

నొప్పికి ఆయన నుదురంతా చెమట. ఎత్తిన చెయ్యి దించుకోవడం ఆయన వల్ల కాలేదు. పాస్టరు గారే పట్టుకుని మెల్లగా దించారు. కాళ్ళూ చేతులూ చక్కగా ఉన్న నేను మాత్రం కూర్చున్న చోటి నుంచి లేవలేకపోయాను.