మా నాయన వీపు మీది ఆవు

చెడిపోయిందంట! మా అత్త నోట ఆ మాట విన్నప్పుడు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మెడలు పట్టేసేదాకా వంగి కూర్చుని నేను చేసుకున్న చొక్కాను, చెడిపోయిందని, పాత గుడ్డలకు సామాన్లిచ్చే ఆమెకు వేసేసి ఒక ప్లాస్టిక్ టబ్బు తీసుకుంది. పైగా ఆ టబ్బును నా ముందు బోర్లించి వేళ్ళతో కొట్టి, ఎంత గట్టిగా ఉందో చూడమంది.

ఆ చొక్కా మా నాయనది. ఆయన పుంగనూరు పక్కన పల్లెలో ఆవుల్ని పెట్టుకుని బతికే మనిషి. మా పక్క ఆవులు పొట్టివి. నడుం ఎత్తు కూడా ఉండవు, తోక మాత్రం నేలకు రాసుకుంటూ ఉంటుంది. కుప్పంలో పశువుల ప్రదర్శన పెడుతున్నారు, నీ ఆవును కూడా తోలుకొని రమ్మని చెప్పినప్పటి నుంచి ఆయనకు కాలు నిలవలేదు. ఆ రోజు తొడుక్కోవడానికని కాఫీపొడి రంగు చొక్కా ఒకటి కొనుక్కున్నాడు. తెల్లది కొనుక్కోకపోయావా అంటే, ఇదైతే పేడ మరక కనపడదు అన్నాడు. మొట్టమొదటిసారి పదిమంది ముందు నిలబడబోతూ కూడా పేడ మరక గురించి ఆలోచిస్తున్నాడే అనుకున్నాను. గుండీలు గట్టిగా కుట్టిస్తానని చెప్పి ఆ చొక్కాను మదనపల్లెలో మా ఇంటికి తెచ్చుకున్నాను.

కొత్తది కొనిపెట్టవచ్చు కదా అంటారేమో. మా నాయన పెళ్ళి చేసి పంపిన కూతురి ఇంటి నుంచి గడ్డిపోచ కూడా తీసుకోడు. తీసుకుంటే నలుగురూ నవ్వుతారని ఆయన భయం. మా ఇంట్లో కాఫీ తాగినా, పోయేటప్పుడు పిల్లల చేతిలో ఏదో ఒకటి పెట్టందే గడప దాటడు. అందుకే ఆయన చొక్కా మీదే ఆయన ఆవును వెయ్యాలనుకున్నాను. రంగుతో కాదు, బ్లీచుతో. గుడ్డలో ఉన్న రంగును మనకు కావలసిన చోట పోగొట్టి బొమ్మ తేవడం ఫోన్‌లో చూసి నేర్చుకున్నాను.

దానికి ముందు అచ్చు కావాలి. అట్టతో చేస్తే తడికి ఉబ్బిపోయింది. అప్పుడు మా నాయన ఎక్స్‌రే గుర్తొచ్చింది. ఆవు తాడు కాలికి చుట్టుకుని బండ మీద పడి, పక్కటెముక విరగ్గొట్టుకున్నప్పుడు తీయించి, మా ఇంట్లోనే మరిచిపోయిన ఫిల్ము అది. ఆయన ఎముకల మధ్యలోనే బ్లేడుతో ఆయన ఆవును కోశాను. అది మామూలు ఆవు కాదు, కుడి కొమ్ము కొంచెం లోపలికి వంగిన ఆ ఆవే. కన్ను చుట్టూ మొత్తం కోసేస్తే ఆ ముక్క ఊడి పడిపోతుంది, పట్టుకుని ఉండేదానికి సన్నటి కమ్మి వదలాలి. ఆ సంగతి అట్ట మీద ఒక ఆవును గుడ్డిదాన్ని చేశాక తెలిసింది.

చొక్కా లోపల అట్ట పెట్టి, కిటికీలన్నీ తెరిచి, బ్లీచులో నీళ్ళు కలిపి, స్పంజి ముక్కను ముంచి బాగా పిండి, ఫిల్ము మీద మెల్లగా అద్దాను. తడి ఎక్కువైతే అచ్చు కిందికి పాకిపోయి ఆవుకు ఐదో కాలు మొలుస్తుంది. కాఫీ రంగు ముందు ఇటుక రంగుకు తిరిగింది, తర్వాత నా కళ్ళ ముందే మీగడ రంగుకు వచ్చింది. ఇంకాస్త ఆగితే గుడ్డ చివికిపోతుందని గబగబా నీళ్ళలో ముంచేశాను. చేతులకు కట్టుకున్న పాలిథిన్ కవర్లు ఎప్పుడో జారిపోయాయి. వేళ్ళ కొసల్లో తోలు లేచిపోయింది. అయినా ఎంత సంతోషమో నాకు! అందరిలాగే ఎండకు రంగు పోకుండా చొక్కాను తిరగేసి, తీగ మీద మడిచి ఆరవేసి, పిల్లల్ని తీసుకురావడానికి బడికి పోయాను.

వచ్చేసరికి తీగ ఖాళీగా ఉంది. మా అత్తకు కనపడిందల్లా తీగకు ఈ పక్క ఒక మరక, ఆ పక్క ఒక మరక. సరే, తెలియక ఇచ్చింది అనుకుందాం. నేను విషయం చెప్పి నెత్తి కొట్టుకున్నాక కూడా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఏమందో తెలుసా?

"బ్లీచి పడి తెల్లగా పోతే సెడిపోయినట్టు కాదా? దానికి మళ్ళా బొమ్మని పేరొకటా?"

మా ఆయన పడీ పడీ నవ్వాడు. ఒక చొక్కా కోసం ఇంత రాద్ధాంతమా, ఇంకోటి కొంటే పోలా అన్నాడు. ఆ నవ్వే నన్ను రెచ్చగొట్టింది. ఈయనకు బెంగుళూరులో కొన్న జీన్స్ ప్యాంటు ఒకటుంది. తొడల దగ్గర రంగు వెలిసి, మోకాళ్ళ దగ్గర చినిగి ఉంటుంది. దాన్ని బీరువాలో మడతపెట్టి దాస్తారు. దాన్ని మాత్రం మా అత్త ఏనాడూ చెడిపోయిందనలేదు. అంగట్లో చినిగితే ఫ్యాషను, నా చేతిలో రంగు మారితే చెడిపోవడం! ఇదేం న్యాయం?

టబ్బు ఇమ్మన్నాను, వెనక్కిచ్చి చొక్కా తెచ్చుకుంటానని. మా అత్త అప్పటికే దాంట్లో దుప్పట్లు నానబెట్టేసింది. బీరువా తెరిచి ఆ జీన్స్ ప్యాంటు చంకలో పెట్టుకుని బయలుదేరాను.

సామాన్లామె మా ఊళ్ళోనే, బెంగుళూరు బస్టాండు దగ్గర మూట విప్పుకుని కూర్చుంది. గుడ్డల్ని రెండు కుప్పలుగా వేరు చేస్తోంది. తొడుక్కునేవి సంతకు, తొడుక్కోలేనివి బండ్లు తుడిచేదానికి మెకానిక్ షెడ్లకు. మా నాయన చొక్కా తుడుపు గుడ్డల్లో ఉంది. అది చూసి నాకు ఏడుపు ఆగలేదు. చొక్కా లాక్కుని ప్యాంటు ముందర పడేశాను. ఆమె మోకాళ్ళ దగ్గర చినుగుల్లో వేళ్ళు పెట్టి చూసి, ఇది ఇంకా అన్యాయంగా చెడిపోయిందే అంది. గుడ్డ మందంగా ఉందని చివరికి ఒప్పుకుంది. ఇంటికొచ్చాక మా ఆయన ప్యాంటేదని అడిగాడు. చెడిపోయిందని వేసేశానన్నాను. ఆ రోజు ఆయన మళ్ళీ నవ్వలేదు.

కథ ఇక్కడితో అయిపోయుంటే నా కోపం కూడా చల్లారిపోయుండేది.

ప్రదర్శన రోజు తెల్లారే బస్సుకు కుప్పం పోయి, చొక్కా మా నాయన చేతికిచ్చాను. ఆయన తొడుక్కున్నాక వీపును ఫోటో తీసి ఫోన్‌లో చూపించాను. చాలాసేపు చూశాడు. వంగిన కొమ్ము మీద వేలు పెట్టి, "ఇది మన ఆవే" అన్నాడు. అంతకంటే నాకేం కావాలి? ఆవుకు బహుమతి రాలేదు కానీ, జనం మాత్రం ఆవును ఒకసారి, ఆయన వీపును ఒకసారి చూసుకుంటూ పోయారు. బైరెడ్డిపల్లె పక్క నుంచి ఎద్దుల్ని తెచ్చిన ఒకాయన ఆగి, ఈ అంగీ యాడిదప్పా అని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. తోలూడిన వేళ్ళతో ఆవు తాడు పట్టుకుని నిలబడి ఉన్నాను.

"బెంగుళూరులో కొన్న్యా" అన్నాడు మా నాయన.

బెంగుళూరు ముఖం కూడా చూడని మనిషి! అడిగిన ప్రతివాడికీ అదే చెప్పాడు. మా అత్త చెడిపోయిందన్నప్పుడు నాకు కోపం వచ్చిందే గానీ ఇంత నొప్పి పుట్టలేదు.

సాయంత్రం ఆవును టెంపోలో ఎక్కించుకుని పుంగనూరుకు తిరిగొస్తున్నాం. ముందు సీట్లో ఆయన పక్కన బిగుసుకుని కూర్చున్నాను. పలమనేరు దాటేదాకా ఓర్చుకుని, ఇక నావల్ల కాక, ఎందుకు అబద్ధం చెప్పావని అడిగేశాను.

"కూతురు ఇచ్చింది తొడుక్కోని తిరగతాండాడని అంటారు పాపా. ఎట్ల సెప్పేది?"

"నేనేమిచ్చినా నాయనా? అంగీ కొనింది నువ్వు. ఎక్స్‌రే నీది, ఆవు నీది. చేసింది ఒకటే నాది. మా అత్త సెడిపోయిందనె, నువ్వు కొన్న్యానంటివి. మరి దీంట్లో నేను యాడ ఉండాను?"

ఆయన నా చేతిని తన ఒళ్ళోకి తీసుకుని, వేళ్ళ కొసలు ఒక్కొక్కటే చూశాడు. నేను చెయ్యి లాక్కున్నాను. నిజం చెప్పాలంటే నా కోపం అప్పటికీ తగ్గలేదు.

పుంగనూరు బస్టాండు దగ్గర టీ కోసం టెంపో ఆపారు. అంగడాయన తల వంచుకుని గ్లాసులు కడుక్కుంటున్నాడు. మా నాయన పోయి, ఆయనకు వీపు తిప్పి నిలబడ్డాడు.

"ఈడ సూడప్పా. ఇది నా కూతురు యేసింది" అన్నాడు.

అంగడాయన అడగనే లేదు.