పద్యానికి ప్లాన్ గీసిన రోజు

నా చిన్నప్పుడు తెలుగు పద్యాలన్నీ నాకు హిందీ అక్షరాల్లోనే వచ్చేవి. జంషెడ్‌పూర్‌లో, మా కద్మా వీధుల్లో పెరిగిన నా ఈడు తెలుగు పిల్లలందరిదీ దాదాపు ఇదే సంగతి. అమ్మానాన్న తెలుగులో అడిగితే మేం హిందీలో జవాబిచ్చేవాళ్ళం. తెలుగు సంఘం వాళ్ళు ఏటా పద్యాల పోటీ పెట్టేవారు. అమ్మ పద్యం చదువుతుంటే నేను నోట్‌బుక్కులో హిందీ లిపిలో దించుకుని, వారం రోజులు బట్టీ పట్టి, చేతులు తిప్పుతూ గడగడా అప్పజెప్పేదాన్ని. వరసగా నాలుగేళ్ళు మొదటి బహుమతి నాదే. ఒక్క పద్యానికైనా అర్థం తెలుసా అంటే తెలీదు. తెలుసుకోవాలని కూడా ఎన్నడూ తోచలేదు. చప్పట్లు వస్తున్నాయి కదా, ఇంకేం కావాలి?

ఆ పద్యాల్లో ఒకటి మా మాస్టారు సొంతంగా రాసింది. ఆయన బడి మాస్టారు కాదు. కార్ఖానా డ్రాయింగ్ ఆఫీసులో యంత్రభాగాల బొమ్మలు గీయడం ఆయన ఉద్యోగం. ఆదివారం పూట సంఘం హాల్లో మా పిల్లలకి తెలుగు నేర్పేవారు కాబట్టి అందరికీ మాస్టారు అయిపోయారు. నెమ్మదైన మనిషి, మాట పొదుపు. ఆయన పద్యం ఈ నాలుగు పాదాలే:

కూడు వండితి మూత వేసితి
చెంబు నిండా నీరు పెట్టితి
తలుపు మెల్లగ చేరవేసితి
గడియ మాత్రం వేయలేదుర

నాకు తెలిసిన అయిదారు మాటలను బట్టి ఇదేదో ఇంటి పనుల పాట అనుకున్నాను. నా అభినయం కూడా అలాగే ఉండేది. మూత వేసినట్టు, చెంబు ముంచినట్టు, తలుపు తోసినట్టు చేతులాడించి, చివరి పాదం దగ్గర వేలు ఊపుతూ, కళ్ళు చక్రాల్లా తిప్పి నవ్వేదాన్ని. ఆ నవ్వు చూసి పోటీలో హాలంతా చప్పట్లు మోగించింది. మాస్టారి ముఖం ఎలా ఉందో నేను చూడలేదు.

నాకు పదకొండో ఏట, వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో, మా ఎదురింటి మామ్మ కొడుకు పోయాడు. మామ్మ వాళ్ళది శ్రీకాకుళం వైపు. భర్త పోయాక ఒక్కగానొక్క కొడుకుతో ఎదురింట్లో ఒక గది అద్దెకి తీసుకుని ఉండేది. అతను నది దాటి ఆదిత్యపూర్‌లో ఒక చిన్న వర్క్‌షాపుకి పనికి వెళ్ళేవాడు. ఎక్కువగా రెండో షిఫ్టు, ఇల్లు చేరేసరికి బాగా రాత్రయ్యేది. మలేరియా మెదడుకెక్కి మూడు రోజుల్లో మనిషిని తీసుకుపోయింది. మామ్మ నన్ను ‘బుల్లీ’ అని పిలిచి, బడి నుంచి వస్తుంటే చేతిలో ఏదో ఒకటి పెట్టేది. అతను పోయాక ఆ తలుపు దాటి వెళ్ళాలంటే నాకు భయమేసేది.

పదిహేను రోజులకి సంఘం హాల్లో సంతాప సభ పెట్టారు. పెద్దలు మాట్లాడాక, కార్యదర్శిగారు నన్ను చూసి ఒక పద్యం చదవమన్నారు. నాకు ఎక్కువ చప్పట్లు తెచ్చిన పద్యం ఏదో నాకు బాగా తెలుసు. లేచి, మాస్టారి పద్యం అందుకున్నాను. మూత వేశాను, చెంబు ముంచాను, తలుపు తోశాను. నాలుగో పాదం దగ్గర ఎప్పటిలాగే వేలు ఊపి, కళ్ళు తిప్పి, నవ్వాను.

ముందు వరసలో కూర్చున్న మామ్మ లేచింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “సాలమ్మా, సాలు” అంది. అంతే, హాల్లోంచి వెళ్ళిపోయింది.

ఎవ్వరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఇంటికొచ్చాక “మైనే క్యా కియా?” అని, నేనేం చేశానని అమ్మని నిలదీశాను. అమ్మ ఏదో చెప్పబోయి, ఏడుపు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి మామ్మ నేను కనబడగానే ముఖం తిప్పుకునేది. ఏదో చాలా పెద్ద తప్పు చేశానని తెలుస్తోంది, అదేమిటో తెలియడం లేదు. మామ్మ నన్ను మళ్ళీ ఒక్కసారి ‘బుల్లీ’ అని పిలిస్తే చాలు, నా బహుమతులన్నీ ఇచ్చేస్తాననుకున్నాను.

ఆ ఆదివారం పొద్దున్న మాస్టారు మా ఇంటికొచ్చి, నాన్నతో చెప్పి, నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళారు. ముందుగదిలో పాత డ్రాయింగ్ బోర్డు ఉంది. దానిమీద తెల్లకాగితం బిగించి, పెన్సిల్ చెక్కి నా చేతికిచ్చారు.

“నీ పద్యానికి ప్లాన్ గీయి. ఇంటికప్పు తీసేసి పైనుంచి చూస్తున్నావనుకో. ఏది ఎక్కడుంది?”

నాకు రాని మాటలకి ఆయనే హిందీలో అర్థం చెబుతూ పోయారు. నేను గది గీశాను, తలుపు గీశాను, మూత వేసిన కంచం, చెంబు గీశాను. గడియ ఎటువైపు ఉంటుందని అడిగారు. ఆలోచించి, లోపలివైపు అన్నాను. గడియ వేయలేదని చెబుతున్న మనిషి ఎక్కడుందని అడిగారు. ఇన్నాళ్ళూ ఈ పద్యంలో ఒక మనిషి ఉందని నేననుకోలేదు. తలుపు దగ్గర, లోపలగా, ఒక చిన్న సున్నా చుట్టాను. కంచాలెన్ని అన్నారు. ఒకటి. ఆవిడ కోసమేనా అన్నారు. ఆవిడ కోసమైతే మూత ఎందుకు, తినేసేది కదా అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. నాకే ఆశ్చర్యమేసింది.

“మరి ఎవరి కోసం?”

“బయటినుంచి ఎవరో రావాలి. కానీ మాస్టారూ, పద్యంలో వాడు కనిపించడు కదా. ఎలా గీయను?”

“మా ఆఫీసులో కనిపించలేదని దేన్నీ వదిలెయ్యం తల్లీ. లోపల దాగిన అంచు ఉంటే డాటెడ్ లైన్‌తో వేస్తాం. అది వెయ్యకపోతే డ్రాయింగే తప్పు.”

నేను తలుపు బయట, తెగిపోయిన చిన్నచిన్న గీతలతో, ఒక మనిషిని గీయడం మొదలుపెట్టాను. భుజాల దాకా వచ్చేసరికి పెన్సిల్ ఆగిపోయింది. అది మామ్మ గది. రెండో షిఫ్టు నుంచి కొడుకు వచ్చేదాకా ఆవిడ చేసే పనులే అవి. వాటిని ఆవిడ ముందు నిలబడి ఆడి చూపించి, నవ్వాను. బోర్డుమీద తలపెట్టి ఏడ్చాను. సిగ్గంటే ఏమిటో నాకు ఆ పూటే తెలిసింది.

మాస్టారు ఏడవనిచ్చారు. ఆ తర్వాత, “తప్పు నీ ఒక్కదానిదే కాదు. నేను చెవికెక్కించి వదిలేశాను. కంటికి చూపించలేదు” అన్నారు.

మామ్మ దగ్గరికి వెళ్తానని నేనే అన్నాను. వెళ్ళేసరికి ఆవిడ గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుకుంటోంది. మాస్టారు వీధిలోనే ఆగిపోయారు. నాకు ఎలా మొదలెట్టాలో తెలియక కాగితం ఆవిడ ముందు పరిచాను.

“ఏటిది?” అంది, నా ముఖం చూడకుండానే.

వచ్చీరాని తెలుగులో చెప్పాను. ఇది కంచం, ఇది చెంబు, ఇది తలుపు, లోపల ఉన్నది నువ్వు. బయట ఉన్నదెవరో చెప్పలేకపోయాను. మామ్మ వేలు తనంతట తనే ఆ తెగిన గీతల మీదకి వెళ్ళింది. తల నుంచి భుజాల దాకా మెల్లగా తడిమింది. ఆ తర్వాత గీత లేదు, అయినా వేలు కిందిదాకా పోయింది.

“సెంబు అక్కడ కాదమ్మా. గుమ్మం బయట ఎట్టాల. కాళ్ళు కడుక్కోకుండా ఆడు లోనికి రాడు.”

అక్కడే, ఆవిడ పక్కన నేలమీద కూర్చుని, చెంబు చెరిపి బయట గీశాను. ఆవిడ చూసి తలూపింది.

“ఆ పజ్జెం ఓపాలి సెప్పు బుల్లీ.”

ఈసారి చేతులు ఒళ్ళో పెట్టుకుని చెప్పాను. మూడు పాదాలు ఎలాగో పూర్తి చేశాను. నాలుగోది పైకి అనలేకపోయాను. నాలుగేళ్ళలో నేను పద్యం మధ్యలో ఆగిపోవడం అదే మొదటిసారి. మామ్మ వీధి కేసి చూస్తూ, ఒక్కసారి విన్న ఆ మాటల్ని తన మాటల్లోకి తిప్పుకుని, “గడియ మాత్తరం ఎయ్యనేదురా” అంది. నాతో అనలేదు.

ఆ శీతాకాలం నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. పోటీలకి మళ్ళీ పోలేదు. మాస్టారు ఆ తర్వాత ప్రతి పద్యానికీ ఏదో ఒకటి జత చేసేవారు. ఒకదానికి ప్లాన్, ఒకదానికి పాత ఫొటో, ఒకదానికి టేపులో పట్టిన వాన చప్పుడు. ఇప్పుడు నేనూ పిల్లలకి పద్యాలు చెబుతాను. కాగితం, పెన్సిల్ ఇచ్చి, ఇందులో మనిషి ఎక్కడ నిలబడి ఉందో ముందు వెతకమంటాను. మాస్టారి పద్యం కూడా చెబుతాను, మూడు పాదాలే పైకి చదువుతాను. నాలుగోది బోర్డుమీద రాసి, పిల్లల్ని మనసులో చదువుకోమంటాను. అది మామ్మ మాట. నా నోటితో అనడానికి ఇప్పటికీ నాకు ధైర్యం చాలదు.